ఈనిన ఆవుకి కాల్షియం, మినరల్ మిక్చర్: ఏది ఎప్పుడు పెట్టాలి

ఆవు రక్తంలో తిరిగే కాల్షియం మొత్తం కలిపినా 3 గ్రాముల దాకానే. లీటరు జున్నుపాలలో 2 గ్రాములకు పైనే పోతుంది. ఎముకల్లో బోలెడంత నిల్వ ఉన్నా అది కరిగి రక్తంలోకి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి, ఆలోపే పాలజ్వరంతో, అంటే రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బుతో, కూలబడిపోతాయి, ముఖ్యంగా మూడో ఈత దాటిన జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులు.

ఈనగానే ఆవు నిలబడి బాగానే మింగుతుంటే కాల్షియం జెల్ గానీ లిక్విడ్ గానీ ఒక డోసు తాగించండి, 12 గంటలకి ఇంకోటి. మోతాదు సీసా మీద ఉన్నంతే. తల మరీ పైకెత్తి గబగబా పోయకండి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. సున్నపు తేట చాలనేవాళ్లు ఊరికి నలుగురుంటారు గానీ లీటరు తేటలో గ్రాము కాల్షియం కూడా ఉండదు. మొదటి రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండకండి, దూడకి మాత్రం కడుపునిండా జున్నుపాలు పట్టండి.

చెవులు చల్లబడి, మెడ డొక్క వైపు తిప్పి పడుకుందంటే నోట్లో ఏమీ పోయొద్దు. వెంటనే డాక్టర్‌ని పిలవండి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి. నరానికి కాల్షియం మీరే ఎక్కించే సాహసం వద్దు, వేగంగా ఎక్కితే గుండె ఆగిపోతుంది.

ఇక మినరల్ మిక్చర్, అంటే ఖనిజ లవణాల పొడి. ఆవుకి రోజుకి 50 గ్రాములు, పాలు బాగా ఇచ్చేదైతే 100 దాకా, గుప్పెడు ఉప్పుతో దాణాలో కలపండి. మొదటి వారం పెట్టి మానేస్తే లాభం లేదు, పాలిచ్చినన్నాళ్లూ పెట్టాలి. తవుడులో భాస్వరం బాగానే ఉంటుంది, కాల్షియం తక్కువ. వరిగడ్డిలో భాస్వరం అంతంతమాత్రం. ఒట్టి గడ్డి మీదే ఉన్న గేదె ఈనిన కొన్ని వారాలకి కాఫీ రంగులో మూత్రం పోస్తే భాస్వరం లోపం కావచ్చు, అదీ ఆలస్యం చేయకూడని జబ్బే.

విటమిన్ ఎ కోసం నెలనెలా ఇంజెక్షన్లంటూ డబ్బు పోసే బదులు పచ్చిగడ్డి వేయండి. విటమిన్ ఇ, సెలీనియం మాయ సరిగా పడడానికి పనికొస్తాయి, కానీ అవి ఈనక ముందు డాక్టర్ చెప్పిన మోతాదులోనే వాడాలి, సెలీనియం ఎక్కువైతే విషం.

వచ్చే ఈతకి ముందు చివరి మూడు వారాలు చూడి ఆవుకి కాల్షియం సీసాలు ఆపేయండి. బయటి నుంచి ధారాళంగా అందుతుంటే ఎముకల్లోంచి తీసుకునే అలవాటు ఒంటికి తప్పిపోతుంది, సరిగ్గా ఈనే రోజున ఇబ్బంది పడుతుంది.