ఓడలకు, రక్షణ రంగానికి నిపుణ కార్మికులను కళాశాలలో ఎలా తయారు చేయాలి?

సముద్రంలోకి దిగే ప్రతి ఓడా వేలాది అతుకులను నమ్ముకుని తేలుతుంది. అతుకు వేసిన కార్మికుడు ఒడ్డునే ఉండిపోతాడు. దాన్ని నమ్మి నడి సంద్రానికి వెళ్లేది మరొకరు. నౌకా నిర్మాణానికి, రక్షణ పరికరాల తయారీకి, ఓడ ఉద్యోగాలకు పనివారిని తయారు చేసే కళాశాల తన పాఠ్యప్రణాళికను ఈ ఒక్క విషయం చుట్టూ అల్లుకోవాలన్నది నా గట్టి నమ్మకం. చేతికి పని నేర్పడం సగమే అవుతుంది. చేసిన పనిలో లోపం కనబడితే దాచకుండా చెప్పే అలవాటు నేర్పడం మిగతా సగం, అదే కష్టమైన సగం. ఇలాంటి కోర్సును కొత్తగా మొదలుపెట్టాలనుకునేవారికీ, ఉన్నదాన్ని బాగుచేసుకోవాలనుకునేవారికీ, చేరేముందు కళాశాలను తరచి చూసుకోవాలనుకునే విద్యార్థులకూ ఉపయోగపడేలా ఆ క్రమాన్ని కింద వివరిస్తున్నాను.

1. ఏ పని నేర్పాలో ముందుగా తేల్చుకోండి

రక్షణ, నౌకా రంగాలంటే ఒక్క వృత్తి కాదు. షిప్‌యార్డులో వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు, మెరైన్ ఎలక్ట్రీషియన్లు, మెషినిస్టులు, బరువులను తాళ్లతో, క్రేన్లతో ఎత్తి దించే రిగ్గర్లు, పెయింటర్లు కావాలి. రక్షణ పరికరాల కర్మాగారంలో కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని చెక్కే సీఎన్‌సీ యంత్రాలు నడిపేవారు, విద్యుత్ తీగలను కట్టలుగా కూర్చే కేబుల్ హార్నెస్‌లు కట్టేవారు, లోహాన్ని కోయకుండానే లోపలి లోపాలను పసిగట్టే ఎన్‌డీటీ నిపుణులు అవసరమవుతారు. ఓడ ఎక్కి పనిచేసేవారిలో ఓడను నడిపే డెక్ విభాగం వేరు, ఇంజిన్ విభాగం వేరు, విద్యుత్ పరికరాలు చూసే ఎలక్ట్రో టెక్నికల్ విభాగం వేరు. ఒక కళాశాల ఇవన్నీ ఒకేసారి ఎత్తుకుంటే ఏదీ నిలవదు. సమీపంలో ఎవరికి ఏ పనివారు కావాలో చూసుకుని, ఒకటి రెండు వృత్తులతో మొదలుపెట్టి, వాటిని లోతుగా నేర్పడం మేలు.

సంస్థల సలహా తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సమావేశానికి మానవ వనరుల అధికారులతో పాటు ఫోర్‌మన్‌ను, తనిఖీ విభాగంలో పనిచేసేవారిని కూడా పిలవండి. ఎంతమంది కావాలని అడగడానికి ముందు, గత ఏడాది కొత్తగా చేరినవారి పనిలో తిరిగి చేయాల్సి వచ్చినవి ఏవని అడగండి. ఆ జవాబులోనే మీ పాఠ్యప్రణాళికలో సగం దొరుకుతుంది.

2. ప్రవేశానికి ముందే అర్హతలు సరిచూడండి

డెక్ విభాగంలో చేరేవారికి ఎరుపు, ఆకుపచ్చ దీపాలను తేడా తెలిసేలా గుర్తించే చూపు తప్పనిసరి, ఎందుకంటే రాత్రివేళ ఎదురయ్యే ఓడ ఎటు వెళుతోందో ఆ దీపాలే చెబుతాయి. ఈ పరీక్షను చదువు ముగిశాక చేయించుకుని ఆగిపోయిన విద్యార్థిని నేను చూశాను. అతని తప్పేమీ లేదు, మొదటి వారంలోనే చెప్పాల్సిన మాటను అతనికెవరూ చెప్పలేదు. సముద్ర ఉద్యోగులకు ఇచ్చే వైద్య ధ్రువపత్రం రెండేళ్లకు మించి చెల్లదు, 18 ఏళ్లు నిండనివారికైతే ఒక్క ఏడాదే. రక్షణ సంస్థల్లో పౌరసత్వం, నేర చరిత్ర, మత్తుపదార్థాల వాడకం వంటి విషయాలను లోతుగా విచారిస్తారు. నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి గనుక, తమ దేశంలో వేటిని అడుగుతారో ఒక కాగితం మీద రాసి, ఫీజు కట్టించుకోక ముందే విద్యార్థి చేతికివ్వడం కళాశాల కనీస ధర్మం.

3. కొలత, డ్రాయింగ్, ప్రాణరక్షణ: పునాది వీటితోనే

మొదటి నెలలో యంత్రాల జోలికి పోకుండా కొలవడం నేర్పండి. ఒకే ఇనుప కడ్డీని పదిమంది విద్యార్థులకు ఇచ్చి మైక్రోమీటరుతో కొలిపించి, ఎవరి అంకె వారు చూపించకుండా రాయమంటే, వచ్చే తేడాలే వారికి మొదటి పాఠమవుతాయి. మిల్లీమీటరులో వందో వంతు దగ్గర చేయి ఎంత గట్టిగా తిప్పిందన్నది కూడా లెక్కలోకి వస్తుందని అప్పుడు తెలుస్తుంది. దాని వెంట డ్రాయింగ్ చదవడం, పైపులైన్ల పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ ఒకే బొమ్మలో చూపే ఐసోమెట్రిక్ చిత్రాలను అర్థం చేసుకోవడం, భిన్నాలు, త్రికోణమితి రావాలి. లెక్కలను విడి తరగతిలో చెప్పడం కన్నా, పైపు వంపు పొడవు కనుక్కోవడానికి కావలసినప్పుడు వర్క్‌షాపులోనే చెబితే బాగా నిలుస్తాయి.

ఇరుకు గదుల్లో పని గురించి మాత్రం తొందరపడకుండా, మళ్లీ మళ్లీ నేర్పాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 శాతం కన్నా తగ్గితే ఆ చోటు ప్రమాదకరమని భద్రతా నియమాలు చెబుతాయి. ఓడ అడుగున మూసి ఉంచిన ఖాళీ ట్యాంకులో విషవాయువు ఏదీ లేకపోయినా మనిషి చనిపోవచ్చు, ఎందుకంటే ఉక్కు తుప్పు పట్టేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. ఆ లోటుకు వాసన లేదు, రంగు లేదు. లోపలికి దిగినవాడు కూలిపోగానే పైనున్న స్నేహితుడు ఆత్రంగా దిగడం, అతనూ పడిపోవడం ఇలాంటి ప్రమాదాల్లో పదేపదే జరుగుతుంది. అందుకే మీటరుతో గాలిని పై భాగంలో, మధ్యలో, అడుగున పరీక్షించడం, బయట ఒక మనిషిని కాపలా ఉంచడం, ఆ మనిషి ఎట్టి పరిస్థితిలోనూ ఒంటరిగా లోపలికి దిగకుండా సహాయ బృందాన్ని పిలవడం అనే మూడింటినీ ఉత్తుత్తి ట్యాంకులో విద్యార్థులచేత పదిసార్లయినా చేయించాలి. స్నేహితుడు పడిపోయినప్పుడు ఆగి నిలబడడం మనసుకు విరుద్ధమైన పని. పాఠం వింటే అది రాదు, సాధన చేస్తేనే వస్తుంది.

4. వర్క్‌షాపులో ప్రతి అతుకునూ విప్పి చూపించండి

వెల్డింగ్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. రెండు ఉక్కు పలకల అంచులను ఏటవాలుగా చెక్కి, మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందు వదిలి నిలబెట్టి, అడుగున మొదటి వరుస వేయమని విద్యార్థికి చెబుతాం. దీన్ని రూట్ పాస్ అంటారు. కరిగి అతుకులో కలిసే పూత పూసిన లోహపు కడ్డీ, అంటే ఎలక్ట్రోడ్, కొనకు ముందు కరిగిన లోహంలో తాళంచెవి రంధ్రం లాంటి చిన్న కన్ను తెరుచుకోవాలి. అది మూసుకుపోతే లోహం అవతలి వైపుకు చేరదు. మరీ పెద్దదైతే కారిపోతుంది. కొత్తవాడు వెలుగును చూస్తూ ఉండిపోతాడు, నేర్చుకున్నవాడు ఆ కన్నును చూస్తాడు. ఆ చూపు కుదరడానికి శిక్షకుడు పక్కన నిలబడి, మరో మాస్కు పెట్టుకుని, అదే కన్నును తానూ చూస్తూ మాట్లాడాలి. ఒక శిక్షకుడికి ముప్పైమంది విద్యార్థులుంటే ఇది సాధ్యం కాదు.

తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లను ప్యాకెట్ విప్పాక సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండే ఓవెన్‌లో ఎందుకు ఉంచాలో కారణంతో సహా చెప్పండి. పూత తేమ పీల్చుకుంటే ఆ నీటిలోని హైడ్రోజన్ లోహంలోకి చేరి, అతుకు చల్లారిన కొన్ని గంటలకు, ఒక్కోసారి మర్నాటికి, లోపల పగులు తెస్తుంది. సాయంత్రం చూసినప్పుడు నిగనిగలాడిన అతుకు పొద్దునకు పగిలి ఉంటుంది. కారణం తెలిసినవాడు ఓవెన్ తలుపు తెరిచి వదిలేయడు.

ఇక బెండ్ టెస్ట్. అతుకు మధ్యలో వచ్చేలా పలక నుంచి పట్టీ కోసి, జాక్ కింద పెట్టి, ఇంగ్లిష్ యూ అక్షరంలా 180 డిగ్రీలు వంచుతారు. వంగిన చోట 3 మిల్లీమీటర్లకు మించిన చీలిక తెరుచుకుంటే ఆ అతుకు తప్పినట్టే. ఈ పరీక్షను కోర్సు చివరికి దాచిపెట్టకండి. వెల్డింగ్ మొదలుపెట్టిన మొదటి వారంలోనే, విద్యార్థి వేసిన తొలి అతుకునే కోసి, జాక్ పిడి అతని చేతికే ఇవ్వండి. పైకి అందంగా కనిపించిన అతుకు తన కళ్లముందే నోరు తెరిచినప్పుడు విద్యార్థి నేర్చుకునేది వంద ఉపన్యాసాలతో రాదు. దాన్ని అవమానంగా మార్చకుండా, ఎక్కడ తప్పిందో వెతకడంగా మలచడం శిక్షకుడి నేర్పు.

1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ, సముద్ర పరీక్షలు ముగించుకుని వచ్చి రేవులో నిశ్చలంగా ఉండగానే దాదాపు రెండుగా చీలిపోయింది. చలికి పెళుసుబారే ఉక్కు, లోపాలున్న వెల్డింగ్, ఒత్తిడి ఒకేచోట పోగుపడే రూపకల్పన కలిసి ఆ కాలపు ఎన్నో ఓడల్లో ఇలాంటి పగుళ్లు తెచ్చాయి. ఆ ఓడ ఫొటోను వర్క్‌షాపు గోడకు అంటించడం మంచిది.

బల్లమీద పడుకోబెట్టి వేసే అతుకు తర్వాత అడ్డంగా, నిలువుగా, తలపైన వేసేవి, చివరకు 45 డిగ్రీల కోణంలో బిగించిన పైపు చుట్టూ వేసే 6జీ వరకు వరుసగా నడిపించండి. ఆ తర్వాత ఓడ అడుగుభాగంలాంటి ఇరుకు పెట్టెను ఉక్కుతో కట్టి, ఒక మోకాలి మీద వంగి, ఒక చేత్తో పట్టుకుని పనిచేసే పరిస్థితి కల్పించండి. అసలు పని ఉండేది అక్కడే. వెల్డింగ్ సిమ్యులేటర్లు చేతి కోణం, వేగం కుదుర్చుకోవడానికి, ఎలక్ట్రోడ్ల ఖర్చు తగ్గించుకోవడానికి బాగా పనికొస్తాయి. వేడిని, పొగను, మెడ నొప్పిని అవి నేర్పలేవు గనుక వాటిని మొదటి మెట్టుగానే వాడాలి.

5. ఓడ ఎక్కేవారికి అంతర్జాతీయ ప్రమాణాలను అనుసరించండి

నావికుల శిక్షణకు ప్రపంచమంతటా ఆధారం నావికుల శిక్షణ, ధ్రువపత్రాలు, కాపలా విధుల ప్రమాణాలపై 1978లో కుదిరిన ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ ఒప్పందం. 1995లో, 2010లో దీనికి పెద్ద సవరణలు జరిగాయి. నీటిలో ప్రాణాలు కాపాడుకోవడం, మంటలను నివారించి ఆర్పడం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత, సామాజిక బాధ్యత అనే అంశాలు ప్రాథమిక శిక్షణలో ఉంటాయి. ప్రాణరక్షణ, అగ్నిమాపక నైపుణ్యాలు నిలిచి ఉన్నాయని ప్రతి 5 ఏళ్లకోసారి నిరూపించుకోవాలి.

ఈ శిక్షణలో తిరగబడిన లైఫ్‌రాఫ్ట్‌ను, అంటే గాలి నింపిన ప్రాణరక్షణ తెప్పను, సరిచేయడం ఒక ఘట్టం. విద్యార్థి తడి బట్టలతో, లైఫ్ జాకెట్‌తో నీటిలోంచి రాఫ్ట్ అంచు మీదికి పాకి, గ్యాస్ సిలిండర్ ఉన్న వైపు నిలబడి, అడుగున ఉన్న పట్టీని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలుతాడు. రాఫ్ట్ లేచి అతని మీదికే వచ్చి పడుతుంది. ఒక్క క్షణం దాని కింద చీకట్లో ఉంటాడు. ఊపిరి బిగబట్టి, వెల్లకిలా తిరిగి, అంచు వైపు జరగాలి. కొలనులో ఒకసారి ఆ చీకటిని చూసినవాడు సముద్రంలో బెదరడు.

అధికారుల కోర్సులకు సముద్ర సేవ అసలు చిక్కు. ఆమోదం పొందిన శిక్షణలో భాగంగా డెక్ కేడెట్, అంటే డెక్ విభాగంలో అధికారి కావడానికి శిక్షణ పొందే విద్యార్థి, కనీసం 12 నెలలు ఓడలో గడిపి, ప్రతి నైపుణ్యాన్నీ ట్రైనింగ్ రికార్డ్ బుక్‌లో సంతకంతో నమోదు చేయించుకోవాలి. ఓడల్లో కేడెట్లకు దొరికే చోట్లు ఎన్నో, తరగతిలో సీట్లూ అన్నే ఉండాలి. అంతకు మించి చేర్చుకుంటే తరగతులు పూర్తిచేసి, ఓడ దొరక్క, ధ్రువపత్రం రాక నిలిచిపోయే యువకులు మిగులుతారు. చోట్ల విషయంలో ఓడ సంస్థలతో రాతపూర్వక ఒప్పందం లేని కళాశాలలో చేరవద్దని విద్యార్థులకు గట్టిగా చెబుతాను. బోధకులకు, పరీక్షించేవారికి తగిన అర్హతలుండాలనీ, 5 ఏళ్లకు మించకుండా స్వతంత్ర పరిశీలన జరగాలనీ ఎస్‌టీసీడబ్ల్యూ ఒప్పందం కోరుతుంది. ఆ నివేదికను అడిగి చూడవచ్చు.

6. కాగితం మీద నిజం రాయడం నేర్పండి

1963 ఏప్రిల్ 10న అమెరికా జలాంతర్గామి థ్రెషర్ లోతు పరీక్షల్లో మునిగిపోయి, అందులోని 129 మందీ మరణించారు. సముద్రపు నీటి పైపు అతుకు ఒకటి విఫలమై ఉంటుందని విచారణ భావించింది. వెండి మిశ్రమంతో అతికిన పైపు కీళ్లలో కొన్నింటిని అంతకుముందు అల్ట్రాసోనిక్ పద్ధతిలో పరీక్షిస్తే వాటిలో సుమారు 14 శాతం ప్రమాణానికి తగ్గట్టు లేవని తేలింది. మిగతావన్నీ ఆ పరీక్షకు నోచుకోలేదు. ఆ ఏడాదే జలాంతర్గాముల భద్రత కోసం సబ్‌సేఫ్ అనే కార్యక్రమం మొదలైంది. పని సరిగ్గా జరిగిందని చెబితే చాలదు, జరిగిందని చూపే ఆధారం ఉండాలన్నది దాని మూలసూత్రం.

కళాశాలలో దీన్ని తెచ్చే దారి ఒకటుంది. ప్రతి విద్యార్థికి ఒక ముద్ర సంఖ్య ఇవ్వండి. ఏ పలక ఏ హీట్ నంబరుది (ఉక్కు ఏ విడతలో కరిగించి పోసిందో చెప్పే సంఖ్య), ఎలక్ట్రోడ్ ఏ ప్యాకెట్‌ది, కొలిచిన పరికరాన్ని ప్రామాణిక కొలతతో సరిచూసి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారు, పని ఎవరు చేశారు, ఎవరు తనిఖీ చేశారు అన్నవి ప్రతి అభ్యాసానికీ రాయించండి. తన తప్పును తనిఖీకి ముందే చెప్పిన విద్యార్థికి మార్కులు తగ్గించకండి. దాచినట్టు తేలితే, అతుకు బాగున్నా ఆ అభ్యాసం తప్పినట్టు లెక్కించండి. ఈ నియమాన్ని మొదటి రోజే చెప్పి, చివరిదాకా ఎవరికీ మినహాయింపు ఇవ్వకుండా పాటించాలి. డ్రాయింగులను ఫోన్‌తో ఫొటో తీయకపోవడం, పని ముగిశాక కాగితాలను తిరిగి అప్పగించడం కూడా ఇక్కడే అలవాటు కావాలి.

7. శిక్షకులను సంపాదించుకుని నిలుపుకోండి

పాతికేళ్లు షిప్‌యార్డులో పనిచేసినవారికి చేయి తిరిగి ఉంటుంది గానీ, చెప్పడం రాకపోవచ్చు. వారిని బోధనలో అనుభవమున్నవారితో జతచేసి ఒక విడత కలిసి పాఠం చెప్పించండి. పూర్తికాలం రాలేనివారిని సాయంత్రం తరగతులకు పిలవండి. ఏడాదికి కొన్ని వారాలైనా శిక్షకులు తిరిగి యార్డుకు వెళ్లి పనిచేసి రావాలి.

8. జీతంతో కూడిన అప్రెంటిస్‌షిప్‌కు అనుసంధానించండి

అమెరికాలో 1919లో మొదలైన న్యూపోర్ట్ న్యూస్ షిప్‌యార్డు అప్రెంటిస్ స్కూల్‌లో విద్యార్థులు ఫీజు కట్టకుండా, పనికి జీతం తీసుకుంటూ చదువుకుంటారు. అంత పెద్ద ఏర్పాటు అన్నిచోట్లా కుదరదు. కొన్ని నెలల పునాది కోర్సు కళాశాలలో పూర్తిచేసి, ఆ గంటలను అప్రెంటిస్‌షిప్‌లో జమకట్టేలా సంస్థతో ఒప్పందం చేసుకోవడం ఏ కళాశాలకైనా అందుబాటులో ఉన్న మార్గం.

ఉద్యోగం వచ్చాక కూడా సంబంధం తెగకూడదు. వెల్డర్ల అర్హత పరీక్షకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9606-1 ప్రకారం వెల్డర్ తన ధ్రువపత్రం పరిధిలో పనిచేస్తూనే ఉన్నాడని ప్రతి 6 నెలలకూ ధ్రువీకరించాలి. ఆ ఆరు నెలల గడువునే కళాశాల కూడా పెట్టుకుని, పాత విద్యార్థిని, అతని ఫోర్‌మన్‌ను పలకరించి, ఏ పనిలో తడబడ్డాడో రాసుకుని, ఆ కాగితాన్ని తరువాతి విడత మొదలయ్యేలోపు వర్క్‌షాపు శిక్షకుడి బల్లమీద పెట్టాలి.