మిరపలో కింది ముడత ఇలా తగ్గింది (నా అనుభవం)

మాది ఒంగోలు దగ్గరి పల్లె. పెరటి మిరప మొక్కల ఆకులు కిందికి ముడుచుకుని, కాడలు సాగి, చిగుళ్లు మాడినట్లయ్యాయి. పుల్ల మజ్జిగ, వెల్లుల్లి కషాయం, మందుల దుకాణంలో ఇచ్చిన ఇమిడాక్లోప్రిడ్, ఏదీ పనిచేయలేదు. ఆ చివరిది పనిచేయకపోవడంలో వింత లేదు. అది రసం పీల్చే పురుగుల మందు. ఇక్కడున్నది తెల్లనల్లి, ఎనిమిది కాళ్ల జీవి, సాలీడుకు చుట్టం.

పనిచేసింది నీటిలో కరిగే గంధకం. ముందు బాగా ముడుచుకున్న చిగుళ్లను తుంచి కాల్చేశాను. లీటరు నీటికి 3 గ్రాముల పొడి చొప్పున, మొదట కొద్ది నీళ్లలో జారుగా కలిపి, తరువాత మిగతా నీళ్లు పోశాను. ఎండ దిగాకే పిచికారీ చేయాలి, మన ఎండలకు గంధకం ఆకును మాడ్చేస్తుంది. నాజిల్‌ను పైకి తిప్పి ఆకుల అడుగు తడిసేలా కొట్టాను. అసలు కిటుకు అదే, నల్లి ఉండేది అక్కడే. వారం దాటాక మరోసారి.

వేపనూనె కూడా వాడాలనుకుంటే గంధకంతో కలపవద్దు; రెంటి మధ్య కనీసం రెండు వారాలు ఆగండి, లేకపోతే ఆకులు మాడతాయి.

ముడిగిన పాత ఆకులు విచ్చుకోలేదు, కొత్త చిగుళ్లు మాత్రం తిన్నగా వచ్చాయి. వాతావరణం చల్లబడటం కూడా కలిసొచ్చిందేమో. ఆకులు పైకి ముడుచుకుంటే అది తామర పురుగు పని కావచ్చు, దానికి ఈ మందు సరిపోదు. వైరస్ ముడతకైతే ఏ పిచికారీ నయం చేయదు, మొక్క పీకేయడమే.