చర్చికి రంగులు వేయించే ముందు: స్మారక కిటికీని తుడవకండి

పండగకు చర్చికి రంగులు వేయించే పనిలో ఈమధ్య ఒకచోట రంగుటద్దాల (స్టెయిన్డ్ గ్లాస్) స్మారక కిటికీ పాడైంది. అద్దం పగల్లేదు, నిచ్చెనా తగల్లేదు. దుమ్ముగా ఉందని ఎవరో సబ్బునీళ్ల గుడ్డతో శుభ్రంగా తుడిచారు. ఎవరి జ్ఞాపకార్థం పెట్టారో ఆ పేరులో సగం అక్షరాలు గుడ్డకు అంటుకుని పోయాయి.

రాళ్లు తగలకుండా చూసుకోవాలని, నిచ్చెన ఆనించకూడదని అందరికీ తెలుసు. నేను చూసినంతలో ఈ కిటికీలను ఎక్కువగా పాడు చేసింది మాత్రం తుడవడమే.

ఎరుపు, నీలం లాంటి రంగులు చాలావరకు గాజులోనే ఉంటాయి, వాటికి భయం లేదు. ముఖాలు, బట్టల మడతలు, అక్షరాలు మాత్రం గాజు మీద వేసినవి. మెత్తటి గాజుపొడిలో ఇనుము లేదా రాగి ఆక్సైడ్ కలిపి, గీసి, 600 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. ఎక్కువగా లోపలివైపే, అంటే మన చెయ్యి తగిలే వైపే వేస్తారు. బాగా కాలిన గీత శతాబ్దాలు నిలుస్తుంది. సరిగా కాలనిది పొడిలా లేస్తుంది. బ్రిటన్‌లో 1860, 70ల్లో బోరాక్స్ (వెలిగారం) కలిపిన రంగు వాడిన స్టూడియోల కిటికీల్లో ఇదే పెద్ద తలనొప్పి.

స్మారక కిటికీలో పేరు, తేదీ సాధారణంగా అడుగున ఉంటాయి. అద్దం మీద పట్టిన చెమ్మంతా జారి నిలిచేదీ అక్కడే. నిచ్చెన లేకుండా చెయ్యి అందేదీ అక్కడే. అందుకే పైనున్న దేవదూతలు బాగానే ఉంటారు, కింద పేరు పోతుంది.

పని మొదలయ్యే ముందు పగటి వెలుగులో ప్రతి పలకకూ, ప్రతి అక్షరానికీ ఫొటో తీయండి. తర్వాత టార్చిని పక్కనుంచి అడ్డంగా వేసి చూడండి. గీతలు పొరలుగా లేచి కనిపించినా, కిటికీ గట్టు మీద నల్లటి పొడి రాలి ఉన్నా ఇక ఎవరూ ముట్టుకోకూడదు. స్టెయిన్డ్ గ్లాస్ మరమ్మతు తెలిసినవాళ్లను పిలవండి. మామూలు అద్దాల పనివాళ్లు చాలరు.

దుమ్ము పడకుండా ప్లాస్టిక్ షీట్ కట్టాలంటే గోడకు కట్టండి, అద్దానికి తగలనివ్వకండి. పని అయ్యాక తీసేయండి, లోపల చెమ్మ పట్టేస్తుంది. బయట పాలికార్బొనేట్ షీటు శాశ్వతంగా బిగిస్తే గాలి ఆడే సందు తప్పనిసరి.

అద్దానికి టేప్ అంటించకండి.

గ్లాస్ క్లీనర్, అమ్మోనియా, థిన్నర్ ఏవీ వద్దు. రాళ్లు, టైల్స్ కడిగే యాసిడ్ ఆ దరిదాపుల్లోకే రానివ్వకండి. వాటిలో కొన్ని గాజునే తినేస్తాయి.

పెయింట్ చుక్క పడితే బ్లేడుతో గీకకండి. అలాగే వదిలేయండి.

పలక ఉబ్బి ఉంటే నొక్కకండి. గాజు ముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీ వంగుతుంది, గాజు వంగదు, పగులుతుంది.

సందుల్లో సిలికాన్ కొట్టించకండి.

ఆ సీసపు పట్టీల మీద కనిపించే తెల్లటి పొడి విషం. ఊదకండి, తుడవకండి. చెయ్యి తగిలితే కడుక్కోకుండా ఏమీ తినకండి.

కొవ్వొత్తులు దూరంగా పెట్టండి.

“మెల్లగా ఒక్కసారి తుడుస్తానండీ” అని ఎవరో ఒకరు అంటారు. పొడిగుడ్డ అయినా సరే, వద్దనండి.

ముక్క ఊడి పడితే గోరంత పెంకు కూడా ఊడ్చి పారేయకండి. అన్నీ ఏరి, ఏ పలకదో రాసి, కవర్లో పెట్టి బీరువాలో దాచండి.