ప్లాస్మాను చల్లబరిచే మైక్రోవేవ్ కేవిటీ: కొలతలు వేసుకునే పద్ధతి

ప్లాస్మాను, అంటే ఇక్కడ ట్రాప్‌లో బంధించిన విద్యుదావేశిత కణాల గుంపును, చల్లబరిచే మైక్రోవేవ్ కేవిటీ (తరంగాలు లోపలే నిలిచే లోహపు గది) కొలతల లెక్కను తిరుపతిలో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు కాగితం మీదనే పూర్తిచేయవచ్చు. ఐరోపా కణభౌతిక పరిశోధనశాల సెర్న్‌లోని ఆల్ఫా ప్రయోగం 2010లో యాంటీహైడ్రోజన్‌ను (హైడ్రోజన్ ప్రతిపదార్థ రూపాన్ని) బంధించిన అయస్కాంత ట్రాప్ లోతు, అంటే అది పట్టి ఉంచగల గరిష్ఠ శక్తి, ఉష్ణోగ్రతలో చెబితే దాదాపు 0.5 కెల్విన్ మాత్రమే కనుక, ఆ పరమాణువులను తయారుచేసే పాజిట్రాన్లు (ధనావేశం గల ఎలక్ట్రాన్ ప్రతికణాలు) ముందే బాగా చల్లబడి ఉండాలి. అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు వికిరణం ద్వారా తమంతట తామే వేడిని కోల్పోతాయి. అందుకు 1 టెస్లాలో సుమారు 4 సెకన్లు పడుతుంది, క్షేత్రం సగమైతే కాలం నాలుగింతలవుతుంది. అనునాదంలో ఉన్న కేవిటీ ఈ ఉద్గారాన్ని వేగవంతం చేస్తుంది. దీనికి మూలం 1946లో భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ చెప్పిన భావన.

మొదట మోడ్‌ను, అంటే కేవిటీలో తరంగం నిలిచే తీరును, ఎంచుకోవాలి. అక్షం మీద, కేవిటీ నడుమ, అడ్డంగా ఉండే విద్యుత్ క్షేత్రం గరిష్ఠంగా ఉండే టీఈ111 అనే మోడ్ అనుకూలం. టీఈ112 తీసుకుంటే సరిగ్గా నడుమనే క్షేత్రం సున్నా అవుతుంది. వ్యాసార్ధం 10 మిల్లీమీటర్లు, పొడవు 20 మిల్లీమీటర్లు అనుకుంటే అనునాద పౌనఃపున్యం 11.55 గిగాహెర్ట్జ్ వస్తుంది. ఎలక్ట్రాన్ భ్రమణ పౌనఃపున్యం టెస్లాకు 28 గిగాహెర్ట్జ్ కాబట్టి 0.41 టెస్లా క్షేత్రం కావాలి. తిరుపతి దగ్గరి గాదంకి వాతావరణ రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 5.7 మీటర్లయితే, మన తరంగం 2.6 సెంటీమీటర్లే.

అయితే ట్రాప్ రెండు కొసలా తెరిచి ఉండాలి, లేకపోతే కణాలు లోపలికి రావు. అందుకే గొట్టాన్ని నడుమ కడవలా ఉబ్బించి, ఇరువైపులా 7 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి కుదించాలి. అక్కడ 12.55 గిగాహెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యం ప్రసరించదు కాబట్టి మోడ్ ఉబ్బులోనే నిలుస్తుంది. క్షేత్రం కొంత ఇరుకు భాగాల్లోకి చొరబడుతుంది కనుక అసలు పౌనఃపున్యం లెక్కకంటే కాస్త తగ్గుతుంది.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది క్యూ విలువ (కేవిటీ శక్తిని ఎంతసేపు నిలుపుకుంటుందో చెప్పే సంఖ్య) దగ్గర. అది ఎంత పెద్దదైతే అంత మంచిదని అనిపిస్తుంది గానీ, క్యూ 1000 అయినా రేఖ వెడల్పు (అనునాదం పనిచేసే పౌనఃపున్యాల పరిధి) 11.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. అంటే ప్లాస్మా పొడవునా అయస్కాంత క్షేత్రం వెయ్యిలో ఒక వంతుకు మించి మారకూడదు. పైగా కణాలు లక్షల్లో ఉన్నప్పుడు, వాటినుంచి వచ్చిన శక్తిని గోడలు వెంటనే మింగకపోతే అది ప్లాస్మాకే తిరిగి వస్తుంది. కాబట్టి లోపలి గోడకు నిక్రోమ్ వంటి నిరోధకత గల లోహపు పలుచని పూత వేసి, క్యూను కావాలనే తగ్గించడం నా దృష్టిలో తెలివైన పని. గోడ కూడా చల్లగా ఉండాలి, ఎందుకంటే ప్లాస్మా దానికంటే చల్లబడదు.

చివరగా క్షేత్రాన్ని 0.41 టెస్లాకు ఇటూ అటూ కొద్దికొద్దిగా జరుపుతూ, నిర్బంధ వోల్టేజిని మెల్లగా దించినప్పుడు ముందుగా బయటపడే ఎలక్ట్రాన్ల సంఖ్యనుబట్టి ఉష్ణోగ్రతను అంచనా వేయాలి. అనునాదం వద్ద ఉష్ణోగ్రతలో లోతైన పల్లం కనిపించకపోతే, ప్లాస్మా నడుమన ఉందో లేదో చూసిన తరువాతే కేవిటీని అనుమానించాలి.