డంజియన్లు ఆడిన చేత్తో కథను ఆడటం ఎలా?

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో క్యారెక్టర్‌గా మాట్లాడుతూ, డైస్ వేస్తూ ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. వార్‌గేమ్స్ (బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలు) నుంచి పుట్టిన ఆట కాబట్టి అది నేర్పే అలవాట్లూ అలాంటివే. తలుపు తీసే ముందు ఉచ్చు ఉందేమో చూడాలి, హిట్ పాయింట్లు (క్యారెక్టర్‌కు మిగిలిన ప్రాణశక్తి లెక్క) పొదుపు చేయాలి, క్యారెక్టర్ ప్రాణాలతో బయటపడాలి. ఇలా ఆడటం అలవాటైనవాళ్లు కథ ప్రధానంగా నడిచే ఆటకు కూర్చుంటే కాసేపటికే "ఇందులో గెలవడానికి ఏముంది?" అనిపిస్తుంది. అడగాల్సిన ప్రశ్నే అది. మీ తెలివి ఇక్కడా పనికొస్తుంది, దాన్ని క్యారెక్టర్ ప్రాణం మీద కాకుండా క్యారెక్టర్ చిక్కుల మీద పెట్టాలి.

ముందు ఆట ఎంచుకోండి. నా సలహా 2012లో వచ్చిన డంజియన్ వరల్డ్. పాత ఆటలోలాగే ఫైటర్ (యోధుడు), విజార్డ్ (మాంత్రికుడు), హిట్ పాయింట్లు అన్నీ ఉంటాయి కాబట్టి కొత్తచోటికి వచ్చిన బెరుకు ఉండదు. క్యారెక్టర్ షీట్‌లో "బంధాలు" అనే భాగం ఉంటుంది. అక్కడి ఖాళీల్లో తోటి ఆటగాళ్ల క్యారెక్టర్ల పేర్లు రాయాలి. ఆయుధాల కంటే ముందు దాని మీద మనసు పెట్టండి.

తర్వాత డైస్. రెండు మామూలు డైస్ వేసి, మీ క్యారెక్టర్ సామర్థ్యాన్ని బట్టి వచ్చే అంకె కలుపుతారు. 10, ఆపైన వస్తే అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 వస్తే పని అవుతుంది కానీ ఏదో ఒక చిక్కు తగులుకుంటుంది. 6, అంతకన్నా తక్కువైతే ఏం ముంచుకొస్తుందో గేమ్ మాస్టర్ (ఆటను నడిపించేవాళ్లు) చెబుతారు, మీకు మాత్రం క్యారెక్టర్ ఎదగడానికి పనికొచ్చే ఒక ఎక్స్‌పీరియన్స్ పాయింట్ వస్తుంది.

అసలు రుచి ఆ 7–9లో ఉంది. కథను విశాఖలోనే పెట్టుకున్నారనుకోండి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌లో ఒక మాంత్రికుడు, దాని తాళంచెవి ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటులో ఉంది. మీకు 8 పడింది. తాళంచెవి చేతికొచ్చింది, కానీ జెట్టీ మీద కాపలావాడు చూసేశాడు. పాత అలవాటు దూరం ఎంత, బాణం తగులుతుందా అని లెక్కలు వేస్తుంది. ఈలోగా గేమ్ మాస్టర్ "ఆయన నీకేమవుతాడ్రా?" అని అడుగుతాడు. "మా మేనమామరా. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే" అన్నారనుకోండి, పక్కన ఫోన్ చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తుతారు. బాణం వేయాలా, అబద్ధం చెప్పాలా, నిజం చెప్పి సాయం అడగాలా? ఇదీ వ్యూహమే, కాకపోతే పణంగా పెట్టింది వేరు. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు "నాకెవరూ లేరు, అనాథని" అని తప్పించుకోకండి. ఆ జవాబు మిమ్మల్ని కాపాడుతుంది, ఆటను చంపేస్తుంది.

తెలుగులోనే ఆడండి. రూల్స్ పుస్తకం ఇంగ్లిష్‌లో ఉన్నా మాట మన ఊరిదై ఉండాలి. ఇంగ్లిష్‌లో వర్ణించాలన్న టెన్షన్‌తో నోరు మెదపనివాళ్లు కూడా తెలుగులోకి రాగానే క్యారెక్టర్‌ను ఎంత చక్కగా పలికిస్తారో!

ఆట మొదలయ్యే ముందు ఏ విషయాలు వద్దో అందరూ చెప్పుకోండి. ఐదు నిమిషాల పని, వదిలేయొద్దు.

ప్లాన్ వేయకుండా ఉండలేనివాళ్లకు 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్ బాగుంటుంది. ఇందులో మీరంతా ఒక దొంగల ముఠా. దొంగతనానికి ముందు గంటసేపు చర్చ ఉండదు. అడ్డంకి ఎదురయ్యాక "నిన్ననే ఈ కాపలావాడికి డబ్బులిచ్చాను" అని ఫ్లాష్‌బ్యాక్ చెప్పొచ్చు. అది ఎంత అసాధ్యంగా ఉంటే అంత స్ట్రెస్ (క్యారెక్టర్ భరించే ఒత్తిడి) లెక్కలో పడుతుంది.

2009 నాటి ఫియాస్కో మాత్రం ఆఖరికి ఉంచండి. గేమ్ మాస్టర్ ఉండరు, ముగ్గురి నుంచి ఐదుగురు ఒక్క సాయంత్రంలో ఆడేస్తారు, అందరి పథకాలూ తలకిందులవుతాయి. మీ క్యారెక్టర్ నష్టాన్ని మీరే ముందుకొచ్చి అడిగే రోజు వచ్చాక దాన్ని తెరవండి.