మద్రాసు ఖాళీ అయిన ఏప్రిల్: నేవీ వార్ డైరీలు ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

1942లో మా నాయనమ్మ వాళ్లు జార్జ్‌టౌన్‌లో ఉండేవాళ్లు. ఏప్రిల్లో ఒకరోజు జపానోడు వచ్చేస్తున్నాడంట అని వీధంతా గోల, ట్రంకు పెట్టెలు, పిల్లలు, ఊరగాయ జాడీలు అన్నీ సర్దుకుని సెంట్రల్‌కి వెళ్లి దొరికిన రైలెక్కి గూడూరు చేరారు, తమిళ సంవత్సరాదికి ముందు రోజు అని ఆవిడ తేదీతో సహా చెప్పేది. చెన్నైలో పాత తెలుగు కుటుంబాల్లో ఎవర్ని కదిపినా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. ఆ రోజు సముద్రంలో అసలు ఏం జరుగుతోంది, జపాన్ షిప్పులు ఎంత దూరంలో ఉన్నాయి, ఆపాల్సిన ఫ్లీట్ ఎక్కడుంది అని వెతుకుతూ వెళ్లి నేను నేవీ వార్ డైరీల్లో పడ్డాను, మూడేళ్లయింది ఇంకా బయటికి రాలేదు. అలా వెతకాలనుకునే వాళ్ల కోసం నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా.

వార్ డైరీ అంటే ఎవరో నావికుడు రాత్రి పడుకునే ముందు రాసుకున్న సొంత డైరీ కాదు. ఒక ఫ్లీట్ హెడ్‌క్వార్టర్స్ గానీ ఒక షిప్ గానీ, ఈ రోజు ఏ సిగ్నల్ వచ్చింది, ఎవర్ని ఎక్కడికి పంపాం, శత్రువు ఎక్కడున్నాడని అనుకుంటున్నాం, ఇవన్నీ తేదీల వారీగా రాసి పైవాళ్లకి పంపే రికార్డు. దీన్ని షిప్ లాగ్‌తో కలపొద్దు, లాగ్‌లో ఏ గంటకి ఏ దిక్కు, ఎంత స్పీడు, వాతావరణం ఎలా ఉంది అనేవి ఉంటాయి, ఎందుకు వెళ్లారో ఉండదు. ఒక యుద్ధం అయ్యాక దాని గురించే రాసేది యాక్షన్ రిపోర్ట్. బ్రిటిష్, ఆస్ట్రేలియా నేవీల్లో కెప్టెన్ పైఅధికారికి పంపే రిపోర్ట్ ఆఫ్ ప్రొసీడింగ్స్ ఇంకోటి. "ఎందుకు" అనేది తెలియాలంటే మాత్రం కమాండ్ వార్ డైరీయే చూడాలి.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక తేదీ, ఒక చోటు ఫిక్స్ చేసుకోండి. "రెండో ప్రపంచ యుద్ధంలో బంగాళాఖాతం" అని కూర్చుంటే వేల పేజీల్లో మునిగిపోతారు, అదే "1942 ఏప్రిల్ 6, కాకినాడ" అని కూర్చుంటే పని జరుగుతుంది. ఆ రోజు ర్యూజో అనే చిన్న జపాన్ క్యారియర్ (విమానాల్ని మోసుకెళ్లే యుద్ధనౌక) నుంచి వచ్చిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి, అది అడ్మిరల్ ఒజావా దళంలోది, ఆ దళం మన కోస్తా వెంబడి కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా వ్యాపార నౌకల్ని ముంచేసింది. అంతకు ముందురోజే కొలంబో మీద దాడి చేసింది వేరే దళం, అడ్మిరల్ నగుమోది, పెద్ద క్యారియర్లు ఉన్నది. ఈ రెండిటినీ ఒకటే అనుకుని వెతికితే ఏ కాగితమూ ఇంకో కాగితంతో కలవదు, ఇంటర్నెట్‌లో ఈ తప్పు చాలా చోట్ల కనిపిస్తుంది.

పేర్లు కూడా అప్పటి స్పెల్లింగ్‌తోనే వెతకాలి. ఇంగ్లీషు కాగితాల్లో కాకినాడ ఉండదు, కోకనాడ ఉంటుంది. విశాఖ అంటే విజగపటం, మచిలీపట్నం అంటే మసులీపటం, శ్రీలంక అంటే సిలోన్. మాల్దీవుల్లో అడ్డు అటాల్ దగ్గర బ్రిటిష్ వాళ్లకి రహస్య స్థావరం ఉండేది, సిగ్నల్స్‌లో దాన్ని పోర్ట్ టీ అనేవాళ్లు, ఆ సంగతి తెలీక ఆ పోర్ట్ ఎక్కడుందా అని నేను మ్యాపంతా వెతికాను.

ఇక కాగితాలు ఎక్కడ దొరుకుతాయి. ఆ ఏప్రిల్లో హిందూ మహాసముద్రం బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ నడిపే ఈస్టర్న్ ఫ్లీట్ చేతిలో ఉంది, బ్రిటిష్ నేవీ కాగితాలు లండన్ పక్కన క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి, రెండో యుద్ధం ఆపరేషన్స్‌వి ఎక్కువగా ఏడీఎం 199 అనే సిరీస్‌లో, షిప్ లాగ్‌లు ఏడీఎం 53లో. క్యాటలాగ్ ఇంట్లో కూర్చుని ఫ్రీగా వెతుక్కోవచ్చు గానీ చాలా ఫైళ్లు స్కాన్ కాలేదు, డబ్బు కట్టి కాపీ తెప్పించుకోవాలి, లేదా అక్కడ చదువుకునే మన పిల్లలెవరైనా ఉంటే బతిమాలి ఫోటోలు తీయించుకోవాలి. అలా అడిగేటప్పుడు ఫైల్ నంబర్ పూర్తిగా ఇవ్వండి, "ఏప్రిల్ 1942 ఏదైనా తీయమ్మా" అంటే వాళ్ల సెలవు రోజు కాస్తా వేస్ట్ అవుతుంది.

అమెరికా వాళ్లవి మాత్రం కూర్చున్న చోటే దొరుకుతాయి. వాళ్ల నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 38 కింద రెండో యుద్ధం నేవీ వార్ డైరీలు స్కాన్ చేసి ఫ్రీగా పెట్టారు. ఇందులో మనకి పనికొచ్చే ఉపాయం ఒకటుంది. 1944లో సారటోగా అనే అమెరికన్ క్యారియర్ కొన్నాళ్లు ఈస్టర్న్ ఫ్లీట్‌తో కలిసి పనిచేసింది, ఇప్పటి ఇండోనేషియాలో ఏప్రిల్ 19న సబాంగ్ మీద దాడి, మే 17న సురబాయా మీద దాడి రెండిట్లోనూ ఉంది. అంటే బ్రిటిష్ ఫైల్ మీ చేతికి రాకపోయినా, అదే ఫ్లీట్ అదే రోజు ఏం చేసిందో సారటోగా కాగితాల్లో, దానితో వచ్చిన డిస్ట్రాయర్ల కాగితాల్లో చదవచ్చు. పక్క షిప్ ఏ దేశానిదో చూసుకోండి, తలుపు అక్కడ తెరుచుకోవచ్చు. ఆస్ట్రేలియా షిప్పులకీ ఇదే దారి, వాళ్ల వార్ మెమోరియల్‌లో ఏడబ్ల్యూఎం 78 అనే సిరీస్‌లో రిపోర్ట్స్ ఆఫ్ ప్రొసీడింగ్స్ స్కాన్ చేసి ఉన్నాయి. పసిఫిక్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకి అక్కడి అమెరికా ఫ్లీట్ కమాండర్ అడ్మిరల్ నిమిట్జ్ హెడ్‌క్వార్టర్స్ రోజువారీ రికార్డు గ్రేబుక్ అని ఉంది, దాదాపు 4000 పేజీలు, అదీ ఫ్రీయే.

జపాన్ కాగితాలకి జేఏసీఏఆర్ (JACAR) అనే ఆన్‌లైన్ ఆర్కైవ్ ఉంది, ఇంగ్లీషులో వెతకొచ్చు, కాగితాలు మాత్రం జపనీస్‌లోనే. వార్ డైరీని వాళ్లు సెంజి నిశ్శి అంటారు, యుద్ధం తర్వాత రాసే వివరమైన రిపోర్టుని సెంతో షోహో అంటారు. సంవత్సరం షోవా లెక్కలో ఉంటుంది, దానికి 1925 కలిపితే మన సంవత్సరం వస్తుంది, షోవా 17 అంటే 1942. ఫోన్ ట్రాన్స్‌లేటర్ అచ్చులో ఉన్న పేజీని ఒక మాదిరిగా చదువుతుంది, చేత్తో రాసినదైతే చేతులెత్తేస్తుంది, అప్పుడు తేదీలు, అంకెలు, షిప్ పేర్లు పట్టుకున్నా చాలు. 1945 ఆగస్టులో లొంగిపోయేటప్పుడు వాళ్లు చాలా కాగితాలు తగలబెట్టేశారు కాబట్టి మీకు కావాల్సిన నెలే లేకపోవచ్చు, నిరాశపడకండి. జర్మన్ సబ్‌మెరైన్ల కమాండ్ డైరీలు కూడా ఇంగ్లీషు అనువాదంలో దొరుకుతాయి, వాటిలో పొజిషన్ అక్షరాలూ అంకెలూ కలిపిన గడి కోడ్‌లో ఉంటుంది, దానికి గ్రిడ్ చార్ట్ పక్కన పెట్టుకోవాలి.

కాగితం దొరికాక మొదట చూడాల్సింది గడియారం. నేను ఇక్కడే నెల రోజులు పోగొట్టుకున్నా. జపాన్ నేవీ ఎక్కడున్నా టోక్యో టైమే వాడింది, అంటే గ్రీనిచ్ కంటే 9 గంటలు ముందు. 1942 ఏప్రిల్లో సిలోన్ గడియారం 6 గంటలు ముందు. కాబట్టి కొలంబో మీద దాడి అక్కడి లెక్కలో పొద్దున్న ఏడున్నర ప్రాంతం అయితే జపాన్ కాగితంలో పదిన్నర అని ఉంటుంది, తెలీనివాడు రెండు దాడులు జరిగాయనుకుంటాడు. 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా యుద్ధం కోసం ఇండియా గడియారాన్ని కూడా గంట ముందుకి జరిపారు, ఆ రోజులవైతే అదీ చూసుకోవాలి. సిగ్నల్‌లో టైమ్ ఆరంకెలుగా ఉంటుంది, మొదటి రెండు తేదీ, మిగతా నాలుగు గంటలూ నిమిషాలు, చివర ఒక అక్షరం. ఆ అక్షరం జెడ్ అయితే గ్రీనిచ్ టైమ్, ఐ అయితే టోక్యో టైమ్. నేనైతే ప్రతి ఎంట్రీని ముందు గ్రీనిచ్‌లోకి మార్చి రాసుకుంటా, తర్వాతే పోల్చుకుంటా.

రెండోది పొజిషన్. కాగితంలో 1-54 ఉత్తరం అని ఉంటే అది 1 డిగ్రీ 54 నిమిషాలు, గూగుల్ మ్యాప్స్‌లో 1.54 అని కొట్టకూడదు, 54ని 60తో భాగిస్తే 1.9 వస్తుంది. ఈ చిన్న తప్పుకి షిప్పు దాదాపు 22 నాటికల్ మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు జరిగిపోతుంది. కాగితంలో మైలు అంటే నాటికల్ మైలే, 1.852 కిలోమీటర్లు.

అన్నిటికంటే ముఖ్యమైనది, నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నది ఏంటంటే, వార్ డైరీలో ఉండేది జరిగింది కాదు, ఆ రోజు ఆ కమాండ్‌కి తెలిసింది. ఏప్రిల్ 4 సాయంత్రం బర్చల్ అనే కెనడా పైలట్ క్యాటలీనా విమానంలో సిలోన్‌కి దక్షిణంగా తిరుగుతూ నగుమో ఫ్లీట్‌ని చూసి రేడియోలో చెప్పాడు, చెబుతుండగానే జపాన్ ఫైటర్లు కూల్చేశాయి. ఆ సిగ్నల్ వచ్చే వేళకి సోమర్‌విల్ ఎక్కడున్నాడు? ఒకటో తేదీకే దాడి వస్తుందని సముద్రంలో కాపు కాసి, రాకపోయేసరికి ఆయిల్, నీళ్ల కోసం అడ్డు అటాల్‌కి వెళ్లిపోయి ఉన్నాడు. మనకి చివర తెలుసు కాబట్టి ఎంత తప్పు చేశాడు అనేస్తాం, డైరీని రోజు తర్వాత రోజు, తర్వాతి పేజీ చూడకుండా చదవండి, ఆయన స్థానంలో ఉంటే మీరూ అలాగే చేసేవాళ్లేమో అనిపిస్తుంది. కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ అనే రెండు క్రూజర్లని అంతకుముందే కొలంబో పంపేశాడు, అవి మళ్లీ వచ్చి కలవబోతూ ఐదో తేదీ మధ్యాహ్నం మునిగిపోయాయి, 424 మంది చనిపోయారు, 1122 మంది మర్నాటి దాకా ఆ నీళ్లలో ఉండి బతికారు. ఆ పేజీలు చదివిన రోజు నేను ఇంకేం పని చేయలేకపోయాను.

శత్రువు నష్టం అని రాసిన అంకెల్ని మాత్రం ఒక్క వైపు చూసి నమ్మకండి. కొలంబో దాడిలో ఇరవైకి పైగా జపాన్ విమానాలు కూల్చామని బ్రిటిష్ వైపు లెక్క, జపాన్ వాళ్ల నష్టం పది లోపే. అబద్ధం చెప్పాలని కాదు, ఒకే విమానాన్ని ముగ్గురు కాలిస్తే మూడు అవుతాయి. ఎవరి నష్టం వాళ్ల కాగితంలోనే చూడాలి, వాళ్లకి ఆ షిప్ తిరిగొచ్చిందో లేదో ఖచ్చితంగా తెలుస్తుంది. 1942 నవంబర్ 11న రాయల్ ఇండియన్ నేవీకి చెందిన చిన్న షిప్ బెంగాల్, డచ్ ట్యాంకర్ ఒండీనా కలిసి రెండు పెద్ద జపాన్ రైడర్లతో (వ్యాపార నౌకల్ని వేటాడే షిప్పులు) తలపడ్డాయి, హొకోకు మారు మునిగిపోయింది, రెండోది ఐకోకు మారు, ఒండీనా పని అయిపోయిందనుకుని వెళ్లిపోయింది, ఆ ఒండీనా కాస్తా ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటల్ చేరింది. బెంగాల్ విడిగా డీగో గార్సియా చేరింది. నలుగురు నాలుగు చోట్ల నుంచి చూసిన ఒకే పోరాటం ఇది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పోల్చి చూడ్డం నేర్చుకోవడానికి నేను ముందు దీన్నే ఇస్తాను.

చెన్నైలో ఉన్నవాళ్లకి ఇంకో లాభం ఉంది. ఎగ్మూర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వ కాగితాలు, దగ్గర్లోనే కన్నెమరా లైబ్రరీ. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులోనే దినపత్రికగా వచ్చింది, అదే సంవత్సరం సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ వచ్చి ఆయిల్ ట్యాంకులు కాల్చింది, హైకోర్టు గోడ దగ్గర దాని గుర్తుగా ఫలకం ఉంది. యుద్ధకాలం పేపర్ మీద సెన్సార్ ఉండేది కాబట్టి ఫ్లీట్ సంగతులు అందులో వెతక్కండి, జనం ఏం విన్నారో, ఏ భయంలో ఉన్నారో దాని కోసం చదవండి.

నోట్స్ రాసుకునేటప్పుడు ఫైల్ నంబర్, పేజీ, ఇమేజ్ నంబర్ మూడూ ఆ క్షణమే రాయండి, రేపు రాద్దాం అంటే మళ్లీ దొరకదు.

నాయనమ్మ చెప్పిన తేదీ లెక్కేస్తే 1942 ఏప్రిల్ 12 గానీ 13 గానీ. అప్పటికి నగుమో తొమ్మిదిన త్రింకోమలీ మీద దాడి చేసి తూర్పుకి తిరిగి మలక్కా జలసంధి దారి పట్టేశాడు. సోమర్‌విల్ పాత బ్యాటిల్‌షిప్పుల్ని ఆఫ్రికా ఒడ్డున కిలిండినికి పంపేసి మిగతావాటితో బొంబాయి వైపు వెళ్లిపోయాడు. అంటే వాళ్లు రైలెక్కిన రోజు బంగాళాఖాతంలో శత్రువు ఫ్లీటూ లేదు, కాపాడే ఫ్లీటూ లేదు, మొదటి సంగతి మద్రాసులో ఎవరికీ తెలీదు. నా నోట్‌బుక్‌లో ఆ తేదీ పేజీకి నాలుగు గీతలు గీసుకున్నా, బ్రిటిష్, జపాన్, పేపర్, నాలుగోది నాయనమ్మ.