పాత గాజు సామాన్లు – 5వ పాఠం: పట్టేసిన బిరడా

ఈసారి చెక్కుడు గాజు మీద గీతలు పోగొట్టడం నేర్చుకోవాలి. దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. ఎందుకో మీకే తెలుసు. పోయినసారి డికాంటర్ (వైన్, విస్కీ లాంటివి పోసే బిరడా ఉన్న గాజు కూజా) లోపలి మరకలు పోవడానికి బియ్యం, వెనిగర్ వేసి గిలకొట్టి కడగమన్నాను. చాలామంది చక్కగా కడిగారు. తళతళలాడుతుంటే మురిసిపోయి, తడి ఆరకముందే బిరడా పెట్టేశారు. ఇప్పుడది రావడం లేదు. "లోపల నీటి చుక్కలు కనబడుతున్నాయి, ఏం చెయ్యాలో తోచడం లేదు" అని ఒకరు రాశారు. "మా ఆయన కటింగ్ ప్లయర్ తెస్తానంటున్నారు" అని ఇంకొకరు. ముందు ఆ ప్లయర్‌ని పెట్టెలో పెట్టించండి.

బిరడా ఎందుకు పట్టేసిందో తేల్చుకోకుండా చెయ్యి వెయ్యొద్దు. మెడ లోపలి వైపు, బిరడా కాడ రెండిటినీ ఒకదానికొకటి సరిపోయేలా గరుకుగా సానపడతారు. పాత ఇంగ్లిష్ డికాంటర్లలో కొన్నిటికి బిరడా మీదా, మెడ దగ్గరా ఒకే నంబరు గీసి ఉంటుంది. జత తారుమారు కాకుండా ఉండటానికే అది. ఆ రెండు గరుకు గోడల మధ్య సందులో ఏదో ఎండిపోయి ఉంటుంది. పోర్ట్ వైన్ లాంటి తియ్యటిది పోసి ఉంటే చక్కెర. బోరు నీళ్లతో కడిగితే తెల్లటి సున్నం. అత్తరు సీసా అయితే జిగురుగా మారిన నూనె. చక్కెరకు గోరువెచ్చని నీళ్లు, సున్నానికి వెనిగర్, అత్తరుకు స్పిరిట్ వాడాలి. కారణం ఏదైనా నూనె పోసి కూర్చునేవాళ్లున్నారు. చక్కెర నూనెలో కరగదండీ, వారం ఆగినా కరగదు.

మీలో ఎక్కువమందిది బోరు నీళ్ల కేసే. డికాంటర్‌ని నిలబెట్టి, బిరడా మెడలోకి దిగేచోట వెనిగర్‌లో ముంచిన దూది చుట్టి రాత్రంతా వదిలేయండి. లెడ్ క్రిస్టల్, అంటే సీసం అనే లోహం కలిపిన గాజు అయితే గంట చాలు. వెనిగర్‌కి ఆ గాజులోని సీసాన్ని బయటికి లాగే గుణం ఉంది. వైన్‌కీ, విస్కీకీ కూడా ఉంది. అందుకే క్రిస్టల్ డికాంటర్‌లో మందు నెలల తరబడి దాచొద్దు. పార్టీ రోజు పోయండి, ఆ రాత్రికే ఖాళీ చేయండి.

కారణం అంతు చిక్కకపోతే నేను వాడేది రెండు పాళ్ల స్పిరిట్‌లో ఒక పాలు గ్లిజరిన్. స్పిరిట్ పల్చన చేసి గ్లిజరిన్‌ని సందులోకి తీసుకెళ్తుంది, తర్వాత అది ఆవిరైపోయి గ్లిజరిన్ మిగులుతుంది. వంటనూనె నాకు నచ్చదు. అవిసె నూనె అయితే అసలు వద్దు, గాలి తగిలితే అదే గట్టిపడి కొత్త జిగురవుతుంది.

ఇక వేడి సంగతి. మీలో సగం మంది బోల్తా పడింది ఇక్కడే. "వేడి నీళ్లలో పెట్టినా రాలేదు" అన్నారు. ఎలా పెట్టారు? డికాంటర్ మొత్తాన్ని, బిరడాతో సహా, బకెట్‌లో ముంచారు. మెడా గాజే, బిరడా కూడా గాజే. రెండూ కలిసి వేడెక్కితే రెండూ కలిసే పెరుగుతాయి. పట్టు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టినా అంతే, రెండూ కలిసి తగ్గుతాయి. ఫ్రీజర్‌లో పెట్టినవాళ్లు వెంటనే తీసేయండి, లోపలి నీళ్లు గడ్డకడితే డికాంటర్ పగలొచ్చు. మనకు కావలసింది ఒట్టి వేడి కాదు, మెడకీ బిరడాకీ మధ్య వేడిలో తేడా.

ఆ తేడా ఎంత పని చేస్తుందో లెక్క చూడండి. మెడ వ్యాసం 25 మిల్లీమీటర్లు అనుకుందాం. మామూలు గాజు డిగ్రీకి 10 లక్షల్లో 9 వంతులు వ్యాకోచిస్తుంది. మెడ ఒక్కటే 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే వచ్చే సందు దాదాపు 0.007 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో పదో వంతు. దొరికేది అంతే. బిరడా కూడా వేడెక్కిందంటే అదీ పోతుంది.

అసలు కొందరి బిరడా పట్టేసింది కూడా ఈ తేడా వల్లే. వేడి నీళ్లతో కడిగిన డికాంటర్‌లో, పక్కన పెట్టిన చల్లటి బిరడా దూర్చారు. తర్వాత మెడ చల్లారి ముడుచుకుంది. బండి చక్రానికి ఇనుప పట్టా ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోసి బిగించడం చూశారు కదా, మీ వంటింట్లో జరిగిందీ అదే.

కాబట్టి గుడ్డ పేలికని వేడి నీళ్లలో ముంచి, పిండి, మెడకు మాత్రమే చుట్టండి. బిరడాకి తగలనివ్వకండి. చెయ్యి రెండు సెకన్లు ఓర్చుకునేంత వేడి చాలు. మరిగే నీళ్లు వద్దు, చెక్కుడు లోతుగా ఉన్నచోట గాజు చిట్లుతుంది. లోపల మందు ఉంటే మంట దగ్గరికి తీసుకెళ్లొద్దని వేరే చెప్పాలా? పేలిక తీసిన వెంటనే పని మొదలుపెట్టాలి. ఫోన్ మోగినా ఎత్తొద్దు. ఆలస్యమైతే వేడి బిరడాకి పాకుతుంది, మళ్లీ మొదటికొస్తారు.

పని అంటే తట్టడం. నేను పప్పుగుత్తి కాడ వాడతాను, చెక్క గరిటె అయినా పర్లేదు. ఇనుము ముట్టుకోవద్దు. ఎడమ చేత్తో మెడ పట్టుకుని, బొటనవేలు బిరడా మీద ఆనించండి. బిరడా తల అంచుకి కింది నుంచి పైకి, చిన్నగా, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క తట్టండి. పట్టు ఉన్నంతసేపూ మొత్తం ఒకే ముక్కలా ఖంగుమంటుంది. వదిలాక చిన్న గలగల వినబడుతుంది. అప్పుడు మాత్రమే మెల్లగా తిప్పుతూ పైకి తీయండి. బలంగా మెలితిప్పితే బిరడా తల, కాడ కలిసేచోట పుటుక్కున విరుగుతుంది. కాడ మెడలోనే ఉండిపోతుంది. ఆ తర్వాత నా దగ్గర వైద్యం లేదు.

మొదటిసారే రాకపోతే కంగారొద్దు. మళ్లీ గ్లిజరిన్, మళ్లీ ఒక రాత్రి, మళ్లీ పేలిక. కళ్లద్దాల షాపువాళ్లు ఎవరైనా తెలిసినవాళ్లుంటే, అద్దాలు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిలో చిన్న అత్తరు సీసాలు ఓసారి పెట్టి చూడమనండి. ఆ కంపనానికి కొన్ని వదులుతాయి. సన్నటి పగులున్నవి మాత్రం పెట్టొద్దు.

అభ్యాసం: అమ్మమ్మగారి డికాంటర్ మీద కాదు. ల్యాబ్ సామాన్ల షాపులో గాజు బిరడా ఉన్న చిన్న రీఏజెంట్ సీసాలు (రసాయనాలు పోసేవి) రెండు కొనండి. బిరడా కాడకు ముదురు పాకం రాసి మూసి, రెండు వారాలు ఎండలో పెట్టండి. ఒకదాన్ని వేడి లేకుండా, నీళ్లతోనూ తట్టడంతోనూ తీయాలి. రెండోదాన్ని నీళ్లు తగలకుండా, వేడితోనూ తట్టడంతోనూ తీయాలి. ల్యాబ్ సీసా బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే గాజు) అయితే మామూలు గాజులో మూడో వంతుకి కాస్త పైనే వ్యాకోచిస్తుంది, కాబట్టి రెండోది మిమ్మల్ని ఏడిపిస్తుంది. ఏడిపించాలనే ఇచ్చాను. పాత కాస్టిక్ సోడా సీసా ఇంట్లో ఉంది కదా అని దాని మీద ప్రయత్నించకండి. ఆ కాస్టిక్ సోడా, గాజునే కొంత కరిగించి మెడనీ బిరడానీ అతికించేస్తుంది, పైగా చిందితే కళ్లు పోతాయి. ఏ సీసా ఎన్ని విడతల్లో వదిలిందో రాసి పంపినవాళ్లకే గీతల పాఠం.